హన్నమ్మ ఛాయ తొలగింపు గురించి

నారాయణఖేడ్,
8 ఫిబ్రవరి 2010.

ప్రియమైన సౌందర్యకు,

'ప్రియమైన' అనే మాట దరఖాస్తు నమూనాలో ఉండదు. అలవాటు చొప్పున కలం దానంతట అదే రాసింది. కొట్టివేతలున్న కాగితం ఏ కచేరీలోనూ చెల్లదు కాబట్టి అలాగే ఉంచుతున్నాను. దానికి అర్థం ఉందని మాత్రం అనుకోవద్దు.

ఈ-మెయిల్ ఉండగా రిజిస్టర్డ్ పోస్టు ఎందుకని నీకు సందేహం రావచ్చు. ఈ-మెయిల్ చూడలేదని చెప్పవచ్చు. రిజిస్టర్డ్ ఉత్తరాన్ని సంతకం చేసి తీసుకోవాలి. ఆ సంతకమున్న రసీదు కార్డు నాకు తిరిగి వస్తుంది. ఈ మూడేళ్లలో నేను చేసిన వాటిలో నీ సంతకం పడని వస్తువు ఒక్కటీ లేదు. నా కోపానికి మాత్రం ఆ లోటు ఎందుకు ఉండాలి?

నేను నారాయణఖేడ్ బస్ డిపోకు ఎదురుగా, మహిపాల్ ఇంటర్నెట్ సెంటర్ పక్కగదిలో, దరఖాస్తులు రాసి బతికే మనిషిని. తెలుగు ఎం.ఏ. పట్టా గోడకు ఉంది. పింఛను ఆగినవారు, రేషన్ కార్డులో భర్త పేరుకు బదులు మరిది పేరు పడినవారు వచ్చి ఏడుస్తారు. నేను వారి ఏడుపును 'సవినయముగా మనవి చేయునదేమనగా' అనే భాషలోకి మారుస్తాను. అందువల్ల నా కోపం కూడా ఇప్పుడు ఆ అచ్చులోనే పోతపోసుకుని వస్తోంది. మూడో మనిషి చదివినా అర్థం కావాలన్నది మా వృత్తిలో మొదటి నియమం. కనుక నీకు తెలిసిన సంగతులనే మొదటినుంచి రాస్తున్నాను. విసుగు చెందకుండా చదవగలవు.

కంప్యూటర్ లోపల ఒక లోకం ఉంది. అందులో అడుగుపెట్టే ప్రతివారూ తమకొక బొమ్మను తయారుచేసుకుంటారు. దాన్ని అవతారం అంటారు. పురాణాల్లో అవతారం ఎత్తాలంటే ఒక రాక్షసుడైనా ఉండాలి. ఇక్కడ ఇంటర్నెట్ ఉంటే సరిపోతుంది. ముక్కు, గడ్డం, నడుము, అన్నిటికీ మీటలున్నాయి, జరిపి దిద్దుకోవచ్చు. ఆ కారణంగా ఆ లోకపు జనాభా మొత్తం పాతికేళ్ల వయసులో, ఆరడుగుల ఎత్తులో, ఏ పనీ చేసిన గుర్తులేని చేతులతో తిరుగుతూ ఉంటుంది. ఆ అవతారాలకు పటాలు తీయడమే మనిద్దరి ఉమ్మడి పని. మన స్టూడియో పేరు 'సౌందర్య–జీవిత చిత్రశాల'. తెలుగు అక్షరక్రమంలో 'జీ' ముందు వస్తుంది, 'సౌ' చాలా వెనక వస్తుంది. బోర్డు రాసేనాడు ఈ విషయం నీకు మనవి చేశాను. "అట్లయితే బాగ వినవడదు జీవీ" అన్నావు. చెవికి ఇంపుగా ఉండడం కోసం వెనక్కి జరగడం మా ఇంటివారికి కొత్త కాదు కాబట్టి జరిగాను.

బొమ్మను ఎలా నిలబెట్టాలి, సూర్యుణ్ణి ఆకాశంలో ఎక్కడ ఆపాలి, దీపాలు ఏ పక్క పెట్టాలి, చట్రంలో ఏది ఉండాలి, ఏది పోవాలి – ఇవి నా పనులు. తయారైన పటాన్ని గోడకు తగిలించి, చూసేవారితో ఇంగ్లీషులో మాట్లాడడం నీ పని. హైదరాబాదులో నీకు వేగమైన కంప్యూటర్ ఉంది. ఇక్కడ నాకు మహిపాల్ ఉన్నాడు, అదీ కరెంటు ఉన్నంతసేపు.

ఆ లోకంలో ఒక ఆచారం ఉంది. ప్రతి అవతారమూ తన ముఖానికి ఎదురుగా, కంటికి కనపడని దీపం ఒకటి కట్టుకుని తిరుగుతుంది. ఎక్కడికి పోయినా ముఖం వెలిగిపోతూ ఉండాలన్నది వారి కోరిక. పటం తీసేముందు "దయచేసి తమ దీపం తీసివేయండి, నేను పెట్టిన వెలుగు చెడిపోతోంది" అని ఒక్కొక్కరినీ వేడుకున్నాను. తమ ముఖాలు పుట్టుకతోనే వెలుగుతున్నాయని వారి గట్టి నమ్మకం. పైగా మన కంప్యూటర్లు ఒకచోట ఆరు దీపాలకు మించి చూపించలేవు. సొంత దీపాలతో నలుగురు పెద్దమనుషులు వచ్చి నిలబడ్డారా, నేను గంటల తరబడి అమర్చినవి ఒకటొకటిగా ఆరిపోతాయి. ఈ సూత్రాన్ని ఇతర ప్రాంతాలవారు కష్టపడి నేర్చుకోవలసి వచ్చింది. మన ఊరు సిర్గాపూర్‌లో పుట్టిన నాకు కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ కనపడలేదు.

ఇక అసలు విషయం. ఆ లోకంలోని తెలుగువారంతా కలిసి 'మన ముఖాలు' అనే ప్రదర్శన పెడుతున్నారని నువ్వే చెప్పావు. నేను మా అమ్మ హన్నమ్మను చేశాను. నాలుగు నెలలు పట్టింది. ఆ లోకపు మీటలకు ముప్పై ఏళ్లు దాటిన ముఖం చేతకాదు. కాబట్టి చర్మాన్ని చేత్తో చిత్రించవలసి వచ్చింది. నుదుటి పచ్చబొట్టు, ఎడమ చెంప మీద కొడవలి తగిలిన గీత, పెదవి చివర ఎప్పుడూ ఉండే వెటకారం. రంగు కోసం అమ్మను ఎదురుగా కూర్చోబెట్టుకుని మూడు రకాల నలుపు కలిపాను. ఇరవై ఏళ్లు మీ నాన్న శంకరప్ప పటేల్ చేలల్లో పనిచేసిన మనిషి కనుక, మీ ఇంటి ముందరి రాతిగడప కట్టి, దాని పక్కన నిలబెట్టాను. కొంగును తలమీదుగా కళ్లదాకా దించాను. సాయంకాలపు ఎండను కుడిపక్క నేలబారుగా ఆపాను. కొంగు నీడ ముఖానికి అడ్డంగా పడి ఒక కన్నును పూర్తిగా మింగి, రెండో కన్నును వెలుగులో వదిలింది. ఒకే దీపం. నా చేతుల్లోంచి ఇంతకన్నా మంచి పటం రాదని ఆ సాయంత్రం నాకు తెలిసింది.

జనవరి 31, ఆదివారం నాడు ప్రదర్శన మొదలైంది. మహిపాల్ దుకాణంలో కూర్చుని చూశాను. మా ఇంటర్నెట్ నడకకు పటాలు ముందు బూడిదరంగు పలకల్లా వస్తాయి, ఆ తరువాత తాపీగా తేలుతాయి. అమ్మ ముఖం చివరికి తేలింది. గోధుమపిండి రంగులో తేలింది.

మహిపాల్ నా భుజం మీదుగా తొంగి చూశాడు. "ఏంది జీవితా, గీమె ఎవరు? మీ అమ్మ అంటివి గద?"

"మా అమ్మనే."

"మీ అమ్మనా! పెండ్లిపిల్ల లెక్కున్నది."

నీడ నీడలాగే ఉంది. పచ్చబొట్టు ఉంది. గీత ఉంది. రంగు మాత్రం లేదు. మూడు రకాల నలుపునూ ఎవరో ఉతికి ఆరేశారు. కింద చీటీ మీద మన ఇద్దరి పేర్లు, నీది ముందుగా.

పటం అసలు ప్రతి నీ దగ్గర, నా దగ్గర తప్ప ఎవరి దగ్గరా లేదు. కనుక ఈ నెలాఖరులోగా మా అమ్మ రంగు మా అమ్మకు తిరిగి అప్పగించి, ఆమెను ఎవరు తెల్లబరిచారో, ఎవరి ఉత్తర్వు మీద తెల్లబరిచారో లిఖితపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
నీ (ఇదీ అలవాటు చొప్పున పడినదే)
జీవిత


నారాయణఖేడ్,
1 మార్చి 2010.

సౌందర్యా,

నీ జవాబు అందింది. నాలుగు వాక్యాలు. 'మార్చింది నేనే. నిన్ను అడగకపోవడం తప్పే. ఎందుకు మార్చానో చెప్పలేను. పటం దించమంటే దించుతాను.' రోజూ దరఖాస్తులు రాసే మనిషిగా చెబుతున్నాను, ఇంత చక్కని జవాబును నేను చూడలేదు. నేరం ఒప్పుకోవడం ఉంది, క్షమాపణ ఉన్నట్టే ఉంది, పరిష్కారం కూడా ఉంది. కారణం ఒక్కటే లేదు. నేను అడిగింది అదొక్కటే.

ఆ తరువాత నువ్వు ఫోన్ చేశావు. మన సంభాషణను నమోదు చేస్తున్నాను. తేడా ఉంటే తెలియజేయవచ్చు.

"ఎట్లున్నవే?" అన్నావు.

"ఎవరి తరఫున అడుగుతున్నరు?"

"జీవీ, నీ నాటకాలు బంజెయ్. తప్పయింది అన్న గద."

"ఎందుకు జేసినవ్?"

"చెప్పరాదు."

"మీ అమ్మ చెప్పిందా? పుష్పమ్మకు మా అమ్మ మొగం గోడ మీద చూడబుద్ధి కాలేదా?"

"మా అమ్మను నడుమ తేకు."

"మా అమ్మను తెల్లగ జేసినప్పుడు నడుమల ఎవరున్నరే మరి?"

"నువ్వు తిట్టు. నేను పడ్త. కని గది మాత్రం అడగకు," అని ఫోన్ పెట్టేశావు. 

పడతానన్నావు కాబట్టి తిడుతున్నాను. కానీ దానికి ముందు, పదిహేనేళ్లుగా నా దగ్గరే ఉన్న ఒక కాగితాన్ని ఈ ఫైలులో చేర్చాలి. ఒకే బడి, ఒకే హాస్టల్ గది, ఒకే సబ్బుపెట్టె, ఇన్ని పంచుకున్నా ఇది నీకు చెప్పలేదు. ఏడో తరగతిలో మనకు గ్రూపు ఫోటో తీశారు, జ్ఞాపకం ఉండే ఉంటుంది. నీకు ఉంటుంది, ఎందుకంటే నువ్వు మధ్యలో ఉన్నావు. మొదట నీ పక్కన నేనే కూర్చున్నాను. నా రిబ్బను సరిగా లేదని నువ్వే కట్టావు. ఫోటోగ్రాఫర్ నల్లగుడ్డలోంచి తల బయటపెట్టి, నన్ను వేలితో చూపించి, "గా పిల్లను అంచుకు జరపుండ్రి. గామె పక్కపొంటి ఉంటే కడమోళ్ల మొగాలు తేలిపోతయి," అన్నాడు. సారు నన్ను వరస చివరికి పంపారు. నువ్వు అప్పుడు వెనకనున్న కోమలతో ఏదో మాట్లాడి నవ్వుతున్నావు. వినలేదని నమ్ముతూ వచ్చాను. ఫోటో కడిగి తెచ్చాక చూస్తే, చట్రంలో నా భుజం ఒకటి, చెవి సగం ఉన్నాయి. మిగతాది ఫోటోకు అవసరం లేకపోయింది. మా అమ్మ ఆ భుజాన్ని గుర్తుపట్టి, "గిదో మా బిడ్డ," అని వాడకట్టంతా చూపించింది.

నల్లముఖం వల్ల పక్కముఖం తేలిపోదు. వెలుగు ఎక్కడ పెట్టాలో తెలియని వెధవ చేతిలో అన్ని ముఖాలూ తేలిపోతాయి. ఈ ఒక్క వాక్యాన్ని రుజువు చేయడానికే నేను వెలుగు పెట్టడం నేర్చుకున్నాను. కెమెరా కొనే స్తోమత లేదు. ఆ లోకంలో సూర్యుడు ఉచితం, దీపాలు ఉచితం, నల్లముఖాన్ని అంచుకు పొమ్మనే సారు లేడు. కనుక అక్కడ నేర్చుకున్నాను. మా అమ్మ పటం నా రుజువు పత్రం. దాన్ని నువ్వు ఉతికావు. ఆ ఫోటోగ్రాఫర్‌కు చేతకాక నన్ను పక్కకు పంపాడు. నీకు అన్నీ చేతనవును. అయినా చేశావు.

నీకు మా ఇంటి నలుపు అంతగా కంటికి గుచ్చుకుంటే హాస్టల్లో ఒకే దుప్పటి కింద ఎలా పడుకున్నావో నాకు అర్థం కావడం లేదు. చీకట్లో తేడా తెలియలేదేమో. మీ ఇంట్లో పెళ్లిచూపుల మాటల్లో ఒకటి ఎప్పుడూ దొర్లేది: 'పిల్ల ఛాయ ఎట్లుంటది?' చదువు అడగకముందే ఛాయ అడిగేవారు. ఎం.ఏ.లో ఛాయ అంటే నీడ అనీ, సూర్యుడి భార్య అనీ మనిద్దరం ఒకే పుస్తకంలో చదువుకున్నాం. నాకు పుస్తకం అంటుకుంది. నీకు ఇల్లు అంటుకుంది.

కాబట్టి నా నిర్ణయం. నిన్న మధ్యాహ్నం ఆ లోకంలోకి వెళ్లి, మన చిత్రశాలలో నేను పెట్టిన దీపాలన్నీ తీసేశాను. మొత్తం శాల చీకటైంది. సందర్శకులకు ఇబ్బంది కలుగుతుందని నువ్వు కంగారుపడనక్కరలేదు. ఎవరి ముఖానికి కట్టుకున్న దీపం వారికి ఉంది, ఒకరినొకరు చూసుకోగలరు. బోర్డు మీద నా పేరు తుడిచేశాను. 'సౌందర్య చిత్రశాల' అని మిగిలింది. ఇప్పుడు ఇంకా బాగా వినపడుతుంది. మా అమ్మ పటాన్ని వెంటనే దించు. అసలు ప్రతిని చెరిపెయ్యి. ఇకపై నీ ఫోన్ ఎత్తను.

జీవిత


నారాయణఖేడ్,
5 ఏప్రిల్ 2010.

సౌందర్యా,

నా రెండో ఉత్తరానికి నువ్వు జవాబు రాయలేదు. ఎందుకు రాయలేదో నాకు ఇప్పుడు తెలుసు. ఈ ఉత్తరం కోపంతోనే రాస్తున్నాను. అయితే ఆ కోపాన్ని ఎవరి పేరున పంపాలో చిరునామా తేల్చుకోవడానికి మూడు వారాలు పట్టింది.

దరఖాస్తులు రాసేటప్పుడు కింద కార్బన్ కాగితం పెట్టడం నాకు అలవాటు. నీకు రాసిన వాటి నకళ్లు కూడా ఇంట్లో బైబిలు పక్కన పెట్టాను. మార్చి 14, ఆదివారం, చర్చి నుంచి వచ్చాక అమ్మ వాకిట్లో కూర్చుని చింతపండు కొడుతోంది. గింజలు ఒక పక్క, పండు ఒక పక్క. నేను లోపల బియ్యం కడుగుతున్నాను. సుత్తి చప్పుడు ఆగింది. చూస్తే, నకళ్లు ఒళ్లో పెట్టుకుని, బైబిలు చదివినట్టే వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదువుతోంది.

"గీ పిల్లను గిట్ల తిడ్తవా?" అంది.

"నీకు తెల్వదు. నిన్ను తెల్లగ జేసింది."

"తెలుసు. జూసిన."

"యాడ జూసినవ్?"

"మహిపాల్ దుకాన్ల. రెండు పార్లు జూసిన. ఒకపారి నువ్వు జేసింది, ఒకపారి ఆమె జేసింది." సుత్తి పక్కన పెట్టింది. "నేనే చెప్పిన సౌందర్యకు. గా పిల్లను అనకు."

నా చేతిలోంచి బియ్యం గిన్నె జారలేదు; అలాంటివి నవలల్లో జారుతాయి. నేను గిన్నెను దించి, వచ్చి గుమ్మంలో కూర్చున్నాను. "తెల్లగ జెయ్యమని నువ్వు చెప్పినవా?"

"థూ! తెల్లగ నాకెందుకే? నేనేమన్న పిండిబొమ్మనా?" అంది అమ్మ. "సాయ తియ్యమన్న. జర సాయ తియ్యి బిడ్డా, నాకు మంచిగ కొడ్తలేదు అన్న. ఆమె సరే అత్తా, తీస్త అన్నది. జీవితకు చెప్పకు, నాలుగు నెల్లు కష్టపడి చేసింది, మనసు నొచ్చుకుంటది అన్న. ఒట్టు ఏయించుకున్న."

ప్రదర్శనకు వారం ముందు, అంగడినాడు, అమ్మ మహిపాల్ దుకాణానికి పోయిందట. అతను సరదాగా, "దా హన్నమ్మా, నీ బొమ్మ జూద్దువు," అని తెర మీద చూపించాడట. అమ్మ నీ నంబరు కలిపి ఇమ్మని, అతను కలిపి ఇచ్చి బయట కరెంటువాళ్లతో కొట్లాటకు పోయాక, నీతో మాట్లాడిందట.

సౌందర్యా, సాయ అంటే ఏమిటో నీకు తెలుసా? నాకు తెలిసి ఉండవలసింది, ఎం.ఏ. పట్టా నా గోడకే ఉంది. అమ్మను అడిగాను. "సాయ అంటే సాయనే. చెట్టు సాయ, గోడ సాయ. బీదర్ల కట్టుబడి పనికి పోయినప్పుడు మేస్త్రి అంటుండె, సాయల కూసోండ్రి, సాయల తినుండ్రి అని." ఉర్దూ మాట. నీడ. మా అమ్మ నీడ తీయమంది. నువ్వు ఛాయ తీశావు. ఫోన్‌లో నువ్వు విన్నది మీ వాకిట్లో చిన్నప్పటినుంచి విన్న ఛాయ. నల్లటి మనిషి 'ఛాయ తియ్యి' అందంటే అది రంగు గురించే అయి ఉంటుందని, ఇంకేమీ అయి ఉండదని, నీకు ఒక్క క్షణం కూడా అనుమానం రాలేదు. ఆమె బతిమాలిందనుకుని జాలిపడి ఉతికావు. ఒట్టు వేశావు కాబట్టి నా తిట్లన్నీ పడ్డావు. నువ్వు మంచిదానివే. ఆ మంచితనం మీద కూడా నాకు కోపంగానే ఉంది. 'ఎందుకు అత్తా?' అని ఒక్క మాట అడగడానికి నీకు ఏమైంది?

"తర్వాత జూసినంక మల్ల ఎందుకు చెప్పలే?" అని అమ్మను అడిగాను.

"ఏం చెప్తనే? మొగం పోయింది, సాయ మాత్రం అట్లనే ఉన్నది. కంప్యూటర్ల గట్లనే వస్తదేమో అనుకున్న."

నవ్వుకో. నేను నవ్వలేకపోయాను, ఎందుకంటే అసలు ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. ఆ నీడ ఈ పటానికి ప్రాణం. ఆ నీడ కోసం సూర్యుణ్ణి ముప్పైసార్లు జరిపాను. దాన్ని ఎందుకు తీయమన్నావని అడిగాను. చర్చిలో తలమీద కొంగు కప్పుకుంటావు కదా, అదే చేశాను, ప్రార్థనలో ఉన్నట్టు ఉంటావనుకున్నాను, అని చెప్పాను.

అమ్మ నన్ను చూసిన చూపు, నేను నా దగ్గరకొచ్చే కక్షిదారులను చూసే చూపే. "చర్చిల కొంగు గిట్లుంటది." కొంగును తలమీద వెనగ్గా వేసుకుని చూపించింది, ముఖమంతా బయటే ఉంది. "దేవుని ముంగట మొగం దాసుకుంటమా? నువ్వు పెట్టింది పటేల్ ముంగట కొంగు." ఈసారి కనుబొమల కిందకు లాగింది. "గడప కాడ నిలవడి, గిట్ల గుంజుకుని, ఆయన లేసి లోపటికి పొయ్యేదాంక తల లేపకుంట. ఇరవై ఏండ్లు గా సాయల నిలవడ్డ. సౌందర్య చిన్నగుండంగ సుత జూసింది. నీ బొమ్మల సుత నిలవెడ్తివి. గదే గడప కాడ. లోకమంత జూడనీకి."

నేను ఆ ముఖాన్ని నాలుగు నెలలు ఎదురుగా పెట్టుకుని రంగు కలిపాను. చెంపమీద గీత ఎన్ని నూలుపోగుల పొడవో చెప్పగలను. నిలబడతావా, కూర్చుంటావా అని అడగలేదు. కొంగు ఎక్కడిదాకా అని అడగలేదు. ఫోటోగ్రాఫర్ నన్ను అంచుకు జరిపాడని పదిహేనేళ్లు పగబట్టాను. నేను మా అమ్మను గడప పక్కకు జరిపి, ఎండ బాగా కుదిరిందని మురిసిపోయాను. నీ మీద వేసిన అభియోగపత్రంలో నా పేరు కూడా చేర్చాలి. అక్షరక్రమంలోనే చేరుస్తున్నాను, జీ ముందు.

మరుసటి రోజు అమ్మను మహిపాల్ దుకాణానికి తీసుకుపోయి, తెర ముందు కుర్చీ వేసి, "నువ్వు చెప్పు, నేను చేస్త," అన్నాను.

"ముందుగాల నన్ను కూసోవెట్టు. గా లోకంల కుర్చీలు లేవా?"

"ఉన్నయి. ఏ కుర్చీ కావాలె?"

అమ్మ తెరను వదిలి, ఎదురుగా ఉన్న డిపో వైపు చూసింది. "బస్సుల. కిటికి పక్కపొంటి."

మహిపాల్ పకపకా నవ్వాడు. "గంత పెద్ద లోకం ఉంటే బస్సేంది హన్నమ్మా! గాలిమోటర్ అడుగు, రథం అడుగు."

"నీకేం తెలుసు పటేల్ కొడుకువు," అంది అమ్మ. మీ నాన్నలాగే మహిపాల్ వాళ్ల నాన్న కూడా ఒక పటేలే. "ఎండకాలం ఎండకాలం కూలికి పట్నం పోయిన, వచ్చిన. కింద కూసున్న, నిలవడ్డ, ఒకపారి డ్రైవరు పక్కన ఇంజిను మీద కూసుంటె చీర కాలింది. కిటికి సీటు దొర్కలే. ఒకపారి దొర్కితె మీ నాయిన ఎక్కిండు. లేసిన."

మహిపాల్ నవ్వడం మానేసి బయటికి పోయాడు. అలిగాడనుకున్నాను. అరగంటకు తిరిగి వచ్చాడు, చేతిలో టేపు, చీటీ మీద సీటు పొడవు, వెడల్పు, కిటికీ ఎత్తు. డిపోలో ఆగి ఉన్న బస్సెక్కి కొలిచాడట. "ఏంది తమ్మీ, సీటుకు పెండ్లి బట్టలు కుట్టిస్తవా?" అని డ్రైవర్ ఎగతాళి చేశాడట. ఆ కొలతల ప్రకారం బస్సు కట్టడానికి రెండు వారాలు పట్టింది. గుడ్ ఫ్రైడే నాడు అమ్మ పని ముట్టుకోనివ్వలేదు.

కొంగు భుజం మీద ఉంది. తలమీద ఏమీ లేదు. రంగు మూడు నలుపులదే. పొద్దుటి ఎండ కిటికీలోంచి నేరుగా ముఖం మీదికి పెట్టాను. కిటికీ కమ్మీల నీడలు రెండు గీతలుగా చెంపమీద పడ్డాయి. నేను భయపడి, "గీ సాయలు తియ్యాల్నా?" అని అడిగాను.

"ఎందుకు? గవి బస్సువి. ఉండనీ."

"ఇటు చూసినట్టు పెట్టనా?"

"వద్దు. బస్సుల కూసున్నోళ్లు బైటికి చూస్తరు. నన్ను చూసెటోళ్లు చూసుకుంటరు, నాకేం పని?"

కాబట్టి ఈ ఉత్తరంతో పాటు ఒక సీడీ పంపుతున్నాను. ప్రదర్శన నెలాఖరు దాకా ఉందని విన్నాను. పాతది ఇంకా అక్కడే ఉంటే దించి, దీన్ని తగిలించు. చీటీ మీద మన ఇద్దరి పేర్లూ వద్దు. 'హన్నమ్మ, సిర్గాపూర్' అని ఆమె స్వదస్తూరీతో రాసిచ్చింది, దాన్నే అతికించు. శాలలో దీపాలు మళ్లీ పెట్టాను. ఒక్క పిక్సెల్ మార్చినా ఈసారి రిజిస్టర్డ్ పోస్టు రాదు, నేనే వస్తాను.

చివరగా నీ సంగతి. పటంలో అమ్మ పక్క సీటు ఖాళీగా ఉంది. కూర్పు ఒక పక్కకు ఒరిగినట్టు అనిపించింది. అదొక్కటే కారణమని చెప్పను; నీ అవతారం నా దగ్గర ఉంది, నీ జడ ఎటు వేసుకుంటావో నాకు తెలుసు. అందుకని అమ్మను అడిగాను. అడగడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాను.

"పక్క సీట్ల సౌందర్యను కూసోవెట్టనా?"

"గది నా సంచికి," అంది అమ్మ.

"గంత పెద్ద సీటు సంచికా?"

"ఇన్నేండ్లు ఒళ్లె పెట్టుకున్న. గిప్పుడు అది సుత కూసుంటది."

సంచిని కూర్చోబెట్టాను. ఆ తరువాత అమ్మ తెరను ఇంకాసేపు చూసి, "గా పిల్లకు సీట్ల నడుమ జాగ ఉన్నది గద," అంది.

కనుక నీకు తెలియజేయునదేమనగా, ఈ బస్సులో నీకు నిలబడి ప్రయాణించుటకు అనుమతి మంజూరైనది. ఎక్కుతావో మానుతావో నీ ఇష్టం. ఎక్కితే ముఖానికి దీపం కట్టుకుని రాకు. పై కమ్మీ గట్టిగా పట్టుకో; మా రోడ్డు బాగుండదు, ఎవరూ లేచి చోటివ్వరు.

జీవిత